పాడ్యమి నాడు కోసిన ఆకు

ఈ ఉగాదితో వచ్చే సంవత్సరానికి పరాభవ అని పేరు. మన అరవై సంవత్సరాల పేర్లూ నారదుడి అరవై మంది సంతానం పేర్లని పురాణ కథ. ప్రభవ, విభవ, శుక్ల అంటూ ముచ్చటగా మొదలుపెట్టిన ఆ తండ్రి నలభయ్యోవాడి దగ్గరకు వచ్చేసరికి ఏమి విసిగిపోయాడోగాని పరాభవ అన్నాడు. పేరు ఎలాంటిదైనా ఒక మనిషి జీవితంలో ఒకే సంవత్సరాన్ని రెండుసార్లు చూడడం అదృష్టమే. వెనకటి పరాభవ 1966లో వచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి చదువుతున్నాను. ఇప్పుడు అరవై తొమ్మిది.

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. డి.ఎ. బకాయిల మీదా, ఆరోగ్య కార్డుల మీదా నాకంటే బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు గనుక నేను ఆ జోలికి పోవడం లేదు. ఉగాది పాడ్యమి మొదలుకొని శ్రీరామనవమి వరకు, వసంత నవరాత్రులని మనం పిలిచే ఆ తొమ్మిది రోజుల్లో పూర్వం పిల్లల చేతులకు ఉండిన పని గురించి వ్రాయాలనిపించింది. ముప్పై ఎనిమిదేళ్ళు బడిపంతులుగా పనిచేసినవాడిని. అందులో ఎక్కువ కాలం పిల్లల చేతులకు పని కల్పించమనే ఉత్తర్వులు చదవడంలోనే గడిచింది. ఆ పని ఎక్కడ పుట్టింది, బడికి ఎలా వచ్చింది, ఎలా పోయింది అన్నదానికి నేను కొంతవరకు సాక్షిని. ఒక విషయంలో ముద్దాయిని కూడా.

మా ఊరు ఏలూరుకు దక్షిణంగా కొల్లేటి అంచున ఉంటుంది. కృష్ణా కాలువా గోదావరి కాలువా కలిసే పట్టణం ఏలూరు అయితే, ఆ రెండు డెల్టాల నడుమ పల్లంలో నిలిచిన నీరు కొల్లేరు. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు తెచ్చిన నీళ్ళన్నీ అందులో పడి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. మా చిన్నతనంలో వేసవి వచ్చేసరికి కొల్లేరు బాగా తగ్గేది. ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి జాతర జరుగుతుంది గదా, మా ఊరివాళ్ళు తాటిదోనెల మీద వెళ్ళి వచ్చేవాళ్ళు. తాటి మొద్దును తొలిచి చేసిన దోనె అది. తిరుగు ప్రయాణంలో దోనె ఖాళీగా రావడం మా పెద్దలకు ఇష్టం ఉండేది కాదు. కిక్కిస గడ కోసి కట్టలు కట్టి తెచ్చేవారు. ఆ గడే పదిహేను రోజుల తరువాత రామాలయం ముందు వేసే చలువపందిరి కప్పుకు వాసమయ్యేది. అంటే మా ఊరి నవమి ఏర్పాట్లు జాతర నాడే మొదలయ్యేవన్న మాట.

పిల్లల పని మాత్రం ఉగాది ముందురోజు సాయంత్రం మొదలయ్యేది. వేపపువ్వు తెచ్చే బాధ్యత పూర్తిగా మాదే. చెట్టు కింద పాత పంచె పరిచి, కొమ్మ వంచి, విరవకుండా మెల్లగా దులపాలి. కొమ్మ విరిచినవాడికి మర్నాడు పచ్చడిలో బెల్లం తగ్గిస్తానని మా నాయనమ్మ బెదిరించేది. మామిడి తోరణం కట్టడం ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చేసే పని. ఆకు కొన వెనక్కి మడిచి, ఈనుపుల్లతో గుచ్చి, తొడిమ అరటినారలోంచి దూర్చి బిగించాలి. ఆకులన్నీ ఒకే పొడుగువి ఏరాలి. ముదురాకు అయితే మడత దగ్గర పగులుతుంది, మరీ లేతాకు అయితే మధ్యాహ్నానికే వాడి వేలాడుతుంది. ఏ ఆకు కోయాలో చేతికే తెలిసేది.

ఆ తొమ్మిది రోజుల్లో అసలు పని తాటాకు విసనకర్ర. నవమి నాడు పానకం, వడపప్పు పంచే ప్రతిచోటా దానితోపాటు విసనకర్ర కూడా ఇవ్వడం మనవైపు ఆనవాయితీ. కల్యాణం మిట్టమధ్యాహ్నం జరుగుతుంది. చైత్రమాసపు ఎండ, పందిరి కింద జనం. కరెంటు పంకాలు లేని కాలంలో వచ్చినవారి చేతిలో ఒక విసనకర్ర పెట్టడానికి మించిన మర్యాద మరొకటి ఉండేది కాదు. మా ఊళ్ళో ఆ విసనకర్రలు పిల్లలు చేసేవాళ్ళు. ఊరివాళ్ళెవరూ దానిని ఆటగా చూసేవారు కాదు. లెక్క అడిగేవారు. డెబ్బై కావాలంటే డెబ్బై కావాలి.

ఆకు పాడ్యమి నాడు కోసేవారు. ఉగాది పచ్చడి తిన్నాక, పంచాంగశ్రవణం మొదలయ్యేలోపు, కల్లుగీత గీసే ఆయన ఒకరు మోకు వేసుకుని చెట్టెక్కి, పూర్తిగా విచ్చుకోని లేతాకు చెట్టుకు ఒక్కటి చొప్పున కోసి కిందికి వదిలేవాడు. ఒక్కటి మించి కోయడానికి ఒప్పుకునేవాడు కాదు. మొవ్వు మీద చేయి వేస్తే చెట్టు ఏడాదంతా అలుగుతుందని అనేవాడు. మట్టకు రెండు వైపులా రంపపు పళ్ళు ఉంటాయి, ముందుగా వాటిని చెక్కేయాలి. ఆకును మడతలు విప్పి, నీడన చాపల మధ్య పరిచి, పైన ధాన్యం బస్తా పెట్టాలి. ఎండలో పెడితే ముడుచుకుపోతుంది. పచ్చిగా ఉన్నప్పుడే కోస్తే తరువాత వంకర తిరుగుతుంది. అయిదారు రోజులు బరువు కింద ఆరితే పచ్చదనం పోయి దంతపు రంగు తేలుతుంది. సప్తమి నాడు తీసి, పెళుసెక్కకుండా నీళ్ళు చిలకరించి, మట్ట మొదట్లో దారం పట్టుకుని గుండ్రంగా గీత గీసి కత్తిరించడం. అష్టమి నాడు అంచు కట్టడం. నవమికి సిద్ధం. పాడ్యమికీ నవమికీ మధ్యనున్న ఎనిమిది రోజులూ తాటాకు ఆరడానికి పట్టే గడువుకు సరిపోవడం ఎవరు గమనించి పెట్టారోగాని, మా ఊళ్ళో తిథులను మేము ఆకు రంగునుబట్టి చెప్పేవాళ్ళం.

అంచు కట్టడమే కష్టం. తాటి ఈనెను నిలువునా చీల్చి, రెండు బద్దల మధ్య ఆకు అంచును ఇరికించి, నారతో వేళ్ళెడంగా ముడులు వేస్తూ తిప్పుకు రావాలి. చివరి ముడి మొదటి ముడి కిందికి దూరి కనపడకుండా మాయమవ్వాలి. అది రాని పిల్లలం పాత చీర అంచు చింపి కుట్టి సరిపెట్టుకునేవాళ్ళం. పైన రంగు వేసే పని మళ్ళీ అందరిదీ. పసుపులో తడిసున్నం కలిపితే ఎర్రగా తిరుగుతుంది, పారాణి అన్నా, నీళ్ళలో కలిపి చల్లుకునే వసంతం అన్నా అదే. పసుపులోని రంగుపదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుందని నేను తరువాత సైన్సు పాఠంలో చెప్పాను గాని, ఆ పాఠం నాకు నిజంగా చెప్పింది మా నాయనమ్మ సున్నపుకాయే. నిమ్మరసం చుక్క పడితే మళ్ళీ పసుపవుతుందని కూడా ఒక అల్లరివాడి వల్ల తెలిసింది. ఆ రోజు పాడైన విసనకర్ర గుడి పూజారిగారి వంతుకు వెళ్ళింది.

మిగిలిన ముక్కలు మావి. గాలికి తిరిగే గిరగిర, ఊదితే ఊరు లేచిపోయే బూర, చేతి గడియారం, పసిపిల్ల ఉయ్యాలకు కట్టే చిలకలు, లోపల గులకరాళ్ళు పోసి అల్లిన గిలక. ఇంకో పది రోజులు పోతే ముంజెలు దిగుతాయి, తిన్నాక మిగిలిన రెండు తాటిబుర్రలకు ఇరుసు దూర్చి పంగలకర్ర తగిలిస్తే బండి. ఇవన్నీ అందరికీ తెలిసినవే గనుక ఆగుతాను.

తాటాకుకూ పిల్లల చేతికీ ఉన్న సంబంధం ఈ పండుగ కంటే పాతది. మన భాషలో కమ్మ అంటే తాటాకు, కమ్మ అంటే ఉత్తరం, కమ్మ అంటే చెవికి పెట్టుకునే ఆభరణం. ఆకును చుట్టి చెవికి పెట్టుకున్నారు, ఆకు మీద గంటంతో గీసి కబురు పంపారు. ఆకు పోయినా మాట నిలిచింది. 1822లో మద్రాసు గవర్నరు మన్రో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లందరినీ ఆదేశించాడు. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన జవాబులో పిల్లలు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పిదప తాటాకు మీద ఇనుప గంటంతో వ్రాయడం వర్ణించాడు. వ్రాసే ఆకుకూ విసనకర్ర ఆకుకూ పదును చేసే పద్ధతి ఒక మాదిరిదే, నీడన ఆరబెట్టడం, బరువు పెట్టడం, పెళుసెక్కకుండా చూసుకోవడం. కాగితం, పలక వచ్చాక బడిలో ఆకు పోయింది. పండుగలో మాత్రం ఇంకో నూరేళ్ళకు పైగా నిలిచింది. కారణం నాకు తోచినంతవరకు ఒక్కటే. వేసవిలో విసురుకునే అవసరం కాగితం వల్ల తీరలేదు.

ఇక బడి సంగతి. పిల్లల చేతులకు పని ఉండాలని బడికి గుర్తువచ్చినది 1937లో. ఆ ఏడాది అక్టోబరులో వార్ధాలో గాంధీగారు పిలిచిన విద్యా మహాసభ జరిగింది, జాకీర్ హుస్సేన్ గారి కమిటీ బేసిక్ విద్యకు ప్రణాళిక తయారుచేసింది. చేతివృత్తి చుట్టూ చదువు తిరగాలన్నది ఆ ఆలోచన. మనవైపు బళ్ళలో అది చాలావరకు తకిలీగా మిగిలింది. నేను నాలుగో తరగతిలో తకిలీ తిప్పినవాడినే. నేను వడికిన నూలు ఎవరు కట్టుకున్నారో నాకు తెలియదు, ఎవరూ కట్టుకుని ఉండరు. రెండోసారి 1966లోనే, ఆ పరాభవ సంవత్సరంలోనే, జూన్ నెలలో కొఠారీ కమిషన్ నివేదిక వచ్చింది. అందులో పని అనుభవం అన్న మాట ఉంది. మూడోసారి 1977లో ఈశ్వరభాయ్ పటేల్ కమిటీ చెప్పిన సమాజోపయోగ ఉత్పాదక కృషి, మనమందరం ఎస్.యు.పి.డబ్ల్యు. అని పిలుచుకున్నది. 1979లో తాడేపల్లిగూడెం దగ్గర ఒక సమితి పాఠశాలలో నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ పీరియడు టైంటేబులులో ఉంది. శుక్రవారం ఆఖరి పీరియడు. కవర్లు అంటించాం, సుద్దముక్కలు పోశాం. సుద్దముక్కలు బోర్డు మీద గీయకపోయినా మార్కులు మాత్రం పడ్డాయి.

నేను ముద్దాయినన్న మాట ఇక్కడ చెప్పాలి.

పాడ్యమి నాడు చెట్టెక్కి ఆకు దింపే ఆయన కొడుకు నా తరగతివాడే. మా గుంపులో అంచు ముడి మాయం చేయగలిగినవాడు వాడొక్కడే. 1966 నవమి వెళ్ళిన మర్నాడు బడికి నేనొక విసనకర్ర పట్టుకుపోయాను. వాడు కట్టినది. మేష్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చివరి ముడి ఎక్కడుందో వెతికి, దొరకక, “ఎవరు చేశార్రా?” అన్నారు. నేను చేశానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు, ముందుగా అనుకున్న మాట కాదు. వాడు వెనక బెంచీలో నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. ఆ రోజే వాడు ఆలస్యంగా వచ్చినందుకు దెబ్బలు తిన్నాడు. తండ్రికి సాయంగా తాళ్ళలో ఉండిపోయాడని నాకు తెలుసు. ఆ మాటా నేను చెప్పలేదు. అయిదో తరగతి మధ్యలో వాడు బడి మానేశాడు. నా అబద్ధం వల్ల మానలేదు, ఇంటి పరిస్థితి వల్ల మానాడు. అయినా ఆ రెండూ నా జ్ఞాపకంలో పక్కపక్కనే ఉండిపోయాయి.

పాతికేళ్ళు గడిచాయి. మన ఉపాధ్యాయ సోదరులకు ఏ.పి.పి.ఇ.పి. గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980లలో కొన్ని బళ్ళలో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటికీ వచ్చి, 1996 వరకు నడిచింది. ఆరు సూత్రాలు మనకు కంఠతా వచ్చేవి. చేస్తూ నేర్చుకోవడం, గుంపులుగా పనిచేయడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించడం వగైరా. టీచర్ సెంటరు సమావేశాల్లో ఛలోక్తులు చాలా వేసుకున్నాంగాని, నిజం చెప్పాలంటే నా సర్వీసు మొత్తంలో నాకు ఉత్సాహం కలిగించిన ఉత్తర్వు అదొక్కటే. స్థానిక పరిసరాలు అనగానే నాకు తాటాకు గుర్తొచ్చింది. తాటాకు అనగానే వాడు గుర్తొచ్చాడు. 1991 ఉగాదికి ఊరికి వెళ్ళి, మా బడికి వచ్చి పిల్లలకు విసనకర్ర నేర్పమని అడిగాను.

వచ్చాడు. ఏలూరులో పాసింజరు ఎక్కి, ఆరిన ఆకుల కట్ట భుజాన పెట్టుకుని తాడేపల్లిగూడెం స్టేషనులో దిగాడు. నన్ను మేష్టారూ అని పిలిచాడు, అండీ అన్నాడు. ఒరేయ్ అని పిలుచుకున్నవాళ్ళం. నేనూ మళ్ళీ ఒరేయ్ అనలేకపోయాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు, పిల్లల మధ్య నేల మీద కూర్చున్నాడు. మూడు రోజులు వచ్చాడు. గూడెం బస్తీ పిల్లలు, ఉల్లిపాయల మార్కెట్టులో పనిచేసేవారి పిల్లలు, రైల్వేవారి పిల్లలు. తాటాకు ముట్టుకున్నవాళ్ళు తక్కువ. మట్ట చెక్కడంలో వేళ్ళు కోసుకున్నారు, ఏడ్చారు, మళ్ళీ కూర్చున్నారు. లెక్కల్లో వెనకబడిన ఒక పిల్ల ఆకు మడతలు లెక్కపెట్టి సగానికి సగం చేసి మధ్యమడత కనిపెట్టింది. మూడో రోజు అంచు కట్టే దగ్గరకు వచ్చింది. అతను ఒక విసనకర్ర తీసి నా చేతికి ఇచ్చి, “చివరి ముడి మేష్టారు చూపిస్తారు, చూడండి” అన్నాడు.

నలభై మంది పిల్లలు నా చేతి వంక చూస్తున్నారు. నాకు రాలేదు. ఆ ముడి నాకు ఎప్పుడూ రాదు. రెండుసార్లు ప్రయత్నించాను, నార తెగింది. అతను చెయ్యి చాచి మెల్లగా తీసుకుని, “మేష్టారు మర్చిపోయుంటారు లెండి, పెద్ద చదువులు గదా” అన్నాడు. అందులో వెక్కిరింత ఉందేమోనని నేను అతని మొహంలో చాలాసేపు వెతికాను. కనపడలేదు. ఆ ముడిలాగే.

ఆ సాయంత్రం ముప్పై ఒక్క విసనకర్రలు తయారయ్యాయి. తనిఖీ ఉందని, ఆరో సూత్రం ప్రకారం వాటిని గోడకు దారాలు కట్టి వేలాడదీశాం. అతను వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి చూసి, “గోడకెందుకండీ? గోడకు ఉక్కపోస్తుందా?” అని నవ్వాడు. తనిఖీకి వచ్చిన అధికారి మెచ్చుకుని, పిల్లలు ముట్టుకుని పాడుచేయకుండా చూడమని పుస్తకంలో వ్రాసి వెళ్ళారు. అవి రెండేళ్ళు గోడ మీదే ఉన్నాయి. అతని మూడు రోజుల కూలి, రైలు ఖర్చు కలిపి నేను పెట్టిన బిల్లు, నేర్పినవారి విద్యార్హత ధ్రువపత్రం జతపరచలేదన్న అభ్యంతరంతో తిరిగివచ్చింది. ఆడిటు వేసే అభ్యంతరాల సంగతి మన సభ్యులకు నేను చెప్పనక్కర్లేదు. జేబులోంచి ఇచ్చాను. పుచ్చుకోవడానికి అతను మొహమాటపడ్డాడు.

గోడ గురించి అతను అన్న మాట చాలా ఏళ్ళు నన్ను వదలలేదు. వార్ధా నుంచి ఆ పథకం దాకా మేము చేయించిన చేతిపనులన్నింటిలో లోపం అక్కడే ఉందేమో. మా ఊరి పిల్లలు చేసిన విసనకర్ర కోసం నవమి నాడు ఎదురుచూసే ముసలమ్మ ఒకతె ఉండేది, బాలింత ఉండేది, హరికథ చెప్పే దాసుగారు ఉండేవారు. బాగా కట్టకపోతే పందిట్లోనే విడిపోయి అందరి ముందూ నవ్వులపాలయ్యేవాళ్ళం. బడిలో చేసిన దానికి మార్కులు వేసే పంతులు తప్ప ఎదురుచూసేవారెవరూ లేరు. పథకాలు చెడ్డవని నేను అనడం లేదు. వాటిని తెచ్చినవారు పెద్దవారు, మంచి మనసుతోనే తెచ్చారు.

పండుగలోనూ ఆ ఎదురుచూపు ఎలా పోయిందో కూడా చెప్పాలి. ముందు ఊరికి కరెంటు వచ్చింది, రామాలయంలో పంకా వెలిసింది. తరువాత తాటాకు ఇళ్ళు పోయి పెంకుటిళ్ళు, డాబాలు వచ్చాయి. అగ్నిప్రమాదాల భయం తగ్గింది గనుక దానికి విచారించనక్కర్లేదు, కాని కప్పు నేసే పని లేకపోయేసరికి ఆకు కోసే చేతులూ తగ్గాయి. కొల్లేరు మారింది. చేపల చెరువులు వరసగా లేచాయి, మా ఊరి గట్ల మీది తాళ్ళు కొన్ని దూలాలకూ, కొన్ని ఇటుక బట్టీలకూ పోయాయి. కిక్కిస పెరిగే చోట గుర్రపుడెక్క అల్లుకుంది. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది, 2002లో కొల్లేరు రామ్‌సార్ ఒప్పందపు చిత్తడినేలల జాబితాలో చేరింది, 2006లో అభయారణ్యంలోని చెరువు గట్లను కొట్టివేశారు. పక్షులకూ నీటికీ మేలు కోరిన పని అది. చెరువుల మీద అప్పులు చేసిన లంక గ్రామాలవారి బాధా అంతే నిజం. ఈ తగవులో విసనకర్ర ఊసు ఎవరు తెస్తారు? నేనూ తేను. దోనెలో జాతరకు వెళ్ళి గడ కోసుకుని వచ్చే దారి మాత్రం ఆ మార్పుల్లో ఎక్కడో మూసుకుపోయింది.

ఇప్పుడు నేను తాడేపల్లిగూడెంలోనే స్థిరపడ్డాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి మా ఊరు ఏలూరు జిల్లాలోనూ నేను పశ్చిమగోదావరి జిల్లాలోనూ పడ్డాం. నా పెన్షను కాగితాల మీద ఉన్న జిల్లా వేరు, పుట్టిన ఊరి జిల్లా వేరు. కిందటి ఉగాదికి మా గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం వేలాడింది. మా కోడలు తప్పు ఏమీ లేదు, ఉద్యోగం చేసే మనిషి, ఆకులు ఎక్కడ కోసుకొస్తుంది? ఏడేళ్ళ మనవరాలు బడిలో ఉగాది ‘యాక్టివిటీ’ అని ఆకుపచ్చ కాగితంతో మామిడికాయ కత్తిరించి అట్ట మీద అంటించింది. బాగుందమ్మా అన్నాను. “ఇది ఎవరికి తాతగారూ?” అని అడిగింది. టీచరుగారికి అన్నాను. “ఆవిడ మళ్ళీ నాకే ఇచ్చేశారుగా” అంది.

ఆ మాట మీద నేను ఈ మాఘమాసంలో ఊరికి వెళ్ళాను. అతను ఉన్నాడు. చెట్టెక్కడం మానేసి పదేళ్ళయింది, మోకాళ్ళు సహకరించడం లేదు. కొడుకు హైదరాబాదులో లిఫ్టులు బిగించే పనిలో ఉన్నాడట. “మేం మోకుతో ఎక్కాం, వాడు మీట నొక్కి ఎక్కుతున్నాడు” అన్నాడు. అరుగు మీద కూర్చుని కాఫీ తాగాక, 1966లో బడికి పట్టుకుపోయిన విసనకర్ర సంగతి ఎత్తాను. అరవై ఏళ్ళు పట్టింది నాకు. అతను కొంచెంసేపు ఆలోచించాడు. “మీరు నాదాన్ని పట్టుకెళ్ళింది గుర్తుందండి” అన్నాడు. “మీరది మేష్టారి దగ్గరే వదిలేసి వచ్చేశారు. మా అమ్మకని కట్టింది. ఆ వేసంగంతా నన్ను తిట్టింది.”

నేను అబద్ధం గురించి వెళ్ళాను, అతనికి గుర్తున్నది విసనకర్ర. ఎవరికని కట్టాడో వాళ్ళకు చేరకపోవడం.

ఈసారి పాడ్యమి నాటికి అతని మేనల్లుడు ఆకు దింపుతానన్నాడు, చెట్టుకు ఒక్కటి చొప్పున ముప్పై ఆకులు. మా ఇంటి వరండాలో చాపల మధ్య ఆరబెడతాం. ధాన్యం బస్తాలు ఇప్పుడు లేవు గనుక నా సర్వీసులో పోగైన పాత ఫైళ్ళు బరువు పెడదామనుకుంటున్నాను, అవి ఇన్నాళ్ళకు పనికి వస్తాయి. సప్తమి, అష్టమి రెండు రోజులూ సాయంత్రం నాలుగు గంటలకు మన సంఘ భవనంలో పిల్లలను కూర్చోబెట్టడానికి అధ్యక్షులవారు అనుమతించారు. ఏడేళ్ళు దాటిన మనవలను, మనవరాళ్ళను తీసుకురండి. వెంట ఒక పాత నూలుచీర అంచు, లావుపాటి సూది, కాస్త పసుపు తెస్తే చాలు. సున్నం నేను తెస్తాను. మట్టల పళ్ళు ముందే చెక్కి ఉంచుతాం, భయపడనక్కర్లేదు. నవమి నాడు మన భవనం పక్కనున్న రామమందిరంలో పానకంతోపాటు ఆ విసనకర్రలే పంచుతారు. ఏ పిల్ల కట్టినది ఎవరి చేతికి ఇవ్వాలో ఆ పిల్లే నిర్ణయించుకుని స్వయంగా ఇస్తుంది. మనలో డెబ్బై అయిదు దాటినవారు దయచేసి ముందు వరుసలో కూర్చోగలరు.

అష్టమి నాడు అతను ఏలూరు నుంచి వస్తానన్నాడు. అంచు కట్టడం అతనే చూపిస్తాడు. కుర్చీ వేయవద్దని ముందే కబురు పంపాడు. నేను కూడా ఆ రోజు పిల్లల వరుసలోనే కూర్చుంటాను. ఆ చివరి ముడి నాకు ఇంకా రాదు.